నాలుగింటికి రిజల్ట్

అశోక్‌నగర్‌లో నలభైమంది పోటీ పరీక్షల పిల్లలకు అన్నం వండిపెట్టే మంజులకు ఆ పొద్దున ఒక్కటే ఆశ, తానూ ఒక పరీక్ష పాసవ్వాలని. పదో తరగతి తప్పాక ఆమె పేరుతో ఒక్క సర్టిఫికెట్టూ రాలేదు. ఇప్పుడు తిండి వృథా కాకుండా చూడడం నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరి ఆఖరి మెట్టు దాకా వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిగిలింది కిలో దాటకూడదు. ఎంగిలి బకెట్టును కాంటా మీద పెట్టి ఫొటో పంపితే నాలుగింటికి ఫలితం.

తినేదెవరో చేతులెత్తించి మరీ లెక్క తీసుకుంది. సరిగ్గా నలభైమందికి ఎసరు పెట్టి, మెస్ గ్రూపులో సంబరంగా రాసింది: "ఇయ్యాల నా కోర్సు ఆఖరి పరీక్ష. ఎవ్వరు అన్నం పారేయొద్దు. నాలుగింటికి రిజల్ట్." చివర ఒక దండం బొమ్మ పెట్టింది.

పరీక్షల పిల్లలకు ఏ మెసేజ్‌లోనైనా కనిపించేది టైమొక్కటే. ఎవరో చివరి ముక్క మాత్రం ఇంకో గ్రూపుకు పంపారు. చిక్కడపల్లి లైబ్రరీ చేరేసరికి అది ఉద్యోగ పరీక్షల ఫలితమైంది. నారాయణగూడ చుట్టి తిరిగొచ్చేసరికి దానిమీద "పక్కా సమాచారం" అని కూడా చేరింది.

ఒంటిగంటైనా ఒక్క కంచం కదల్లేదు. అందరూ మెట్ల మీద ఫోన్లు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నారు.

"సాగర్, అందరు తినుర్రి. పప్పు సల్లగైతుంది."

"ఆకలైతలేదక్కా. నాలుగింటికి రిజల్టంట. కాళ్లుచేతులు ఆడ్తలెవ్వు."

నాలుగేళ్లుగా పరీక్షలు రాస్తున్న సాగర్ ఫోన్ చూపించాడు. పక్కా సమాచారం కింద దండం బొమ్మతో సహా మంజుల రాసిన వాక్యమే ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. గిన్నెల నిండా అన్నం, ఎదురుగా ఖాళీ బకెట్టు.

"అయ్యో, అది మీది గాదు, నాది. జర తినుర్రి, మీకు పుణ్యముంటది."

ఫోన్లన్నీ జేబుల్లోకి పోయాయి. తర్వాత నలభైమందికీ ఒకేసారి ఆకలేసింది. పుకారు పుట్టించిందెవరని పక్క హాస్టల్ నుంచి కొట్లాటకొచ్చిన ఎనిమిదిమంది కూడా చారు వాసనకు మెత్తబడి బంతిలో కూర్చున్నారు. మంజులకే ముద్ద మిగల్లేదు. బకెట్టులో మునక్కాయ పిప్పి, కరివేపాకు కలిపి మూడువందల గ్రాములు తూగాయి. ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

నాలుగింటికి అందరూ ఆమె ఫోన్ చుట్టూ మూగారు. తెర మీద అక్షరాలు వచ్చాయి: "సాంకేతిక కారణాల వల్ల ఫలితాలు వాయిదా. కొత్త తేదీ త్వరలో."

"త్వరలో అంటే ఎప్పుడు రా?" అంది మంజుల నీరసంగా.

సాగర్ ఆమెకు మంచినీళ్లందించాడు. "గది ఎవ్వరు చెప్పరక్కా. అలవాటయితది."

రోజూ వడ్డిస్తూ "నీ రిజల్ట్ ఎప్పుడు రా?" అని అడిగే మంజుల, మర్నాటి నుంచి "పప్పు ఎయ్యాల్నా?" అని మాత్రమే అడుగుతోంది.