లక్ష్మీనారాయణ సారు ఎర్తు గుంత

రెండు వేల అయిదో సంవత్సరం మే నెలలో ఒక బుధవారం ఉదయం ఆరున్నరకు, లక్ష్మీనారాయణ సారు ఆ రోజు పనులన్నీ ఒక తెల్ల కాగితం మీద వరసగా రాసుకున్నాడు. ఎనిమిదికి హిందూపురం నుంచి ఏసీ మెకానిక్ వస్తాడు. పదకొండుకల్లా ఏసీ గోడకెక్కుతుంది. పన్నెండుకు గది చల్లబడుతుంది. మూడు గంటలకు భార్య సుశీలమ్మ, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న కూతురు రాధను బెంగుళూరు నుంచి వెంటబెట్టుకుని దిగుతుంది. అప్పటికి తాను తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆ గది తలుపు తీసి నిలబడతాడు. తల దువ్వుకోవడం కూడా కాగితం మీద రాశాడు.

ఆయన పెనుకొండ హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా సైన్సు చెబుతున్నాడు. ఇల్లు కొండ పక్క వీధిలో ఉంది. ఎండాకాలంలో ఆ కొండ బండలు పగలంతా కాగి, చీకటి పడ్డాక ఆ వేడినంతా వీధి మీదికి వదులుతాయి. పురుటికి పుట్టింటికి రావాలని ఉన్నా ఆ వేడి తలుచుకుంటేనే భయమేస్తోందని రాధ ఫోన్లో అన్నది. సారు ఫోన్ పెట్టేసి, చొక్కా వేసుకుని, బస్సెక్కి హిందూపురం పోయి ఏసీ కొన్నాడు. ఆ వీధికి అదే మొదటిది.

మెకానిక్ యూనస్ చెప్పిన వేళకే వచ్చాడు. అప్పటికి నలభై ఏసీలు బిగించినవాడు. వాటితో వచ్చిన నలభై పుస్తకాల్లో ఒక్కటి కూడా విప్పి చూడనివాడు. సారు మాత్రం ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివి, ముఖ్యమైన చోట ఎర్రగీతలు పెట్టుకున్నాడు. యూనస్ డ్రిల్లు తీస్తే సారు పుస్తకం తీశాడు. లోపలి పెట్టె మంచానికి సరిగ్గా పైన ఉండకూడదు. దాని బరువు ఆపే గోడ కావాలి. ఉత్తరపు గోడను సారు వేలితో తట్టి చూస్తే అరచేయంత గార పెళ్ళ రాలి పడింది. తూర్పు గోడ ఇటుక గోడే, బాగుంది. దానికి బిగించడం ఖాయం చేసుకునేసరికి తొమ్మిదిన్నర అయింది.

ఆ తరువాతి ఎర్రగీత, లీకైన కరెంటును మనిషికి తగలకుండా భూమిలోకి పంపే ఎర్తింగ్ దగ్గర ఉంది. సారు ఒక బల్బుకు రెండు వైర్లు తగిలించి, ఒకటి కరెంటుకూ ఒకటి ఎర్తుకూ పెట్టి చూశాడు. బల్బు వెలగలేదు, అంటే ఎర్తు లేదు. ఇద్దరూ ఎర్తు వైరును పట్టుకుని గోడ వెంబడి వెతుక్కుంటూ పోయారు. అది హాలు దాటి, వంటింట్లోకి వెళ్ళి, మూలనున్న ఒక మేకుకు మూడు చుట్లు చుట్టుకుని అక్కడితో ఆగిపోయింది. ఇంటిల్లిపాది ప్రాణాలు పద్దెనిమిదేళ్ళుగా ఆ మేకును నమ్ముకుని ఉన్నాయి. ఆ మేకుకు సుశీలమ్మ జల్లెడ తగిలించింది.

సారుకు తల కొట్టేసినట్టయింది. ఏటా పదో తరగతికి ఎర్తింగ్ బొమ్మ గీయించి, గీయని వాళ్ళను బెంచీ ఎక్కించిన మనిషి ఆయన.

"ఎర్తు లేకున్నా ఏసీ నడుస్తాది సార్" అన్నాడు యూనస్. "శానా ఇండ్లల్లో ఇట్లనే ఉండాది."

"ఏసీ నడుస్తాది యూనస్. దాన్ని ముట్టుకున్న మనిషి కూడా నడవాల కదా."

యూనస్ డ్రిల్లు కింద పెట్టాడు. సారు మెయిన్ బోర్డులోంచి ఫ్యూజులు పీకి అతని చేతికిచ్చాడు. పని జరుగుతున్నంతసేపూ అవి పని చేసేవాడి జేబులోనే ఉండాలని, ఇంకెవరి చేతికీ పోకూడదని చెప్పాడు. యూనస్ వాటిని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. సారు బజారుకు పోయి పాత్రల అంగట్లో రెండడుగుల రాగిరేకు, కిరాణా అంగట్లో అరమూట గల్లుప్పు, ఇస్త్రీ బండి అతని దగ్గర ఒక మూట బొగ్గులు తెచ్చాడు. మట్టి పని చేసే సుబ్బన్నను పిలిచి, పెరట్లో ఆరడుగుల గుంత తవ్వమన్నాడు.

పెనుకొండలో ఎవరు పెరట్లో జానెడు తవ్వినా చుట్టుపక్కల వాళ్ళకు రాయల కాలం నాటి నిధులు గుర్తొస్తాయి. పక్కింటి ఈరక్కకు గడ్డపార చప్పుడు మూడో దెబ్బకే వినిపించింది. ఆమె ప్రహరీ మీదుగా తల పెట్టి చూసింది. గుంత, రాగిరేకు, ఉప్పు, బొగ్గులు. పక్కన ఎవరో పరాయి మనిషి, చేతిలో ముల్లు కదిలే మీటరు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"ఏమప్పా సారూ, ఇంత లోతు ఎందుకు తీస్తాండారు?" అని అడిగింది.

సారు కండువాతో చెమట తుడుచుకుని, ఓపికగా చెప్పాడు. "బిడ్డ వస్తాండాది కదా ఈరక్కా. భూమిలో రాగిరేకు పెట్టి, ఉప్పూ బొగ్గులూ పోసి మూసేయాల. అప్పుడుగానీ ఇంట్లోవాళ్ళ ప్రాణానికి భయముండదు."

అందులో ఒక్క మాటా అబద్ధం లేదు. ఏటా పదో తరగతికి చెప్పేదీ అదే. పదో తరగతి పిల్లలకు ఎప్పుడూ పూర్తిగా అర్థమయ్యేది కాదు. ఈరక్కకు మాత్రం అర్థమైపోయింది. బిందె ఖాళీగా లేకపోయినా ఎత్తుకుని వీధి కొళాయి దగ్గరికి పోయింది.

కొళాయి దగ్గర రాగిరేకు తామ్రపత్రం అయింది. బస్టాండు చేరేసరికి దాని మీద అక్షరాలు పుట్టాయి. యూనస్ మీటరు, బంగారం ఎక్కడుంటే అక్కడ ముల్లు చూపించే బెంగుళూరు మిషను అయింది. పదకొండున్నరకు ప్రహరీ మీద వరసగా తలలు లేచాయి. వాళ్ళందరూ ఏసీ చూడడానికి వచ్చారనుకుని సారు సంతోషించాడు. ఇంకా బిగించలేదని, సాయంత్రం రమ్మని చెప్పాడు. సాయంత్రం రమ్మన్నాడంటే అంతలో ఏం దాచేస్తాడోనని వాళ్ళు ఒక్క అడుగు కూడా కదల్లేదు.

నాలుగడుగుల లోతులో సుబ్బన్న గడ్డపార ఒక గుండురాయికి తగిలి ఖంగుమంది. ప్రహరీ మీది తలలు కాళ్ళతో సహా పెరట్లోకి దిగాయి.

పన్నెండున్నరకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఉలిగప్ప వచ్చాడు, వెంట ఒక కానిస్టేబులు. ఉలిగప్ప నెమ్మదస్తుడు, పైగా భయస్తుడు. ఏదైనా బయటపడి తాను అక్కడ లేకపోతే ఉద్యోగానికి ముప్పు. తాను అక్కడ ఉండి ఏదైనా మాయమైతే ఇంకా ముప్పు. అందుకని ముందు తవ్వకం ఆపించాడు. సారు పుస్తకం తెచ్చి, ఎర్రగీతలు చూపించి, ఎర్తింగ్ అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పాడు. ఉలిగప్ప అంతా విని, రాగిరేకును ఇటు తిప్పి అటు తిప్పి, ఎండకేసి పట్టి చూశాడు.

"రెండు పక్కలా ఏమీ లేదే. రాసింది తుడిపేసినారా?" అన్నాడు.

సారు రేకును అందుకుని, ఏమీ లేదని చూపించడానికి కండువాతో తుడిచాడు. ఆ తుడవడాన్ని జనం జాగ్రత్తగా గమనించారు. తనకు మేస్టారి మీద అనుమానం ఏమీ లేదని, జనానికి ఉన్న అనుమానం మీదే భయమని ఉలిగప్ప మర్యాదగా చెప్పాడు. గుంత చుట్టూ తాడు కట్టించి, దాని పక్కనే కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. కానిస్టేబులు మాత్రం పరాయి ఊరివాడని యూనస్‌ను, మిషను అని మీటరును, రెండు మాటలు అడగడానికి స్టేషన్‌కు తీసుకుపోయాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక సారుకు ఫ్యూజులు గుర్తొచ్చాయి. అవి పని చేసేవాడి జేబులోనే ఉన్నాయి, ఆయన చెప్పినట్టే.

మూడు గంటలకు ఆటో వీధి మొదట్లోనే ఆగిపోయింది, జనం తోవ ఇవ్వలేదు. సుశీలమ్మ తల బయటికి పెట్టి ఏమైందని అడిగింది. వారం రోజులుగా ఆమె భర్తకు ఒకటే చెబుతోంది, కరెంటు జోలికి పోవద్దని.

"లక్ష్మీనారాయణ సార్ ఇంట్లోనమ్మా" అన్నాడు ఒక పెద్దమనిషి, ఆమె ఎవరో తెలియక. "పొద్దున కరెంటు పని పెట్టుకున్నారంట. ఇప్పుడు ఇంటెనక గుంత తీసినారు. పోలీసు వచ్చి చూసి పోయినాడు."

సుశీలమ్మ ఆటో దిగింది. రెండడుగులు వేసి, రోడ్డు మీద కూలబడి గొంతెత్తి ఏడ్చింది. ఆ గొంతు పెరట్లో ఉన్న సారుకు వినబడింది. రాధకే ఏమో అయిందనుకుని ఆయన ఒళ్ళంతా మట్టితో, చెదిరిన జుట్టుతో జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. సుశీలమ్మ తలెత్తి చూసింది. ఏడుపు సగంలో ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, బతికున్న మనిషిని ఏమేం అనొచ్చో అవన్నీ ఇల్లు చేరేవరకూ అంటూనే నడిచింది.

రాధ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. చేతిసంచీ కింద పెట్టి, గోడకు ఆనుకుని మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"నాయనా, ఫ్యానెయ్యి."

"ఫ్యూజులు యూనస్ జేబులో ఉండాయమ్మా."

"యూనస్ యాడ?"

"పోలీస్ స్టేషన్‌లో."

రాధ కుర్చీలో వెనక్కి వాలింది. నుదుటి మీద చెమట జారుతుంటే తుడుచుకోవడం కూడా మానేసింది. సారు పక్కన నిలబడి ఏసీ పుస్తకంతోనే విసరడం మొదలుపెట్టాడు. కూతురి కోసం తలపెట్టిన చల్లదనం ఇప్పుడు ఆ పన్నెండు పేజీల గాలికి దిగిందని తలుచుకుంటే ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ప్రహరీ అవతలినుంచి ఇదంతా చూస్తున్న ఈరక్క మనసు ఊరుకోలేదు. నేరుగా వచ్చి, రాధ చేయి పట్టుకుని లేపి, తన ఇంటికి తీసుకుపోయింది. ఆమెది పాతకాలపు మట్టి మిద్దె, లోపల నీడ చల్లగా ఉంది. చాప పరిచి, దిండు వేసి, చెంబు నిండా మజ్జిగ ఇచ్చింది. రాధ మజ్జిగ తాగి, ప్రాణం కుదుటపడ్డాక, అసలు జరిగిందేమిటో ఈరక్కనూ తండ్రినీ చెరొకసారి అడిగి తెలుసుకుంది. ఇద్దరూ చెప్పింది ఒకే మాట. అర్థాలే వేరు. రాధకు నవ్వొచ్చింది, కడుపు పట్టుకుని నవ్వింది.

"నాయనా, నువ్వు ఏమీ లేదని చెప్పేకొద్దీ గుంత కాడ కూర్చున్న ఆయప్పకు ఏదో ఉందనే అనిపిస్తాది. తవ్వుకోనీ. నీకు కావాల్సింది కూడా గుంతే కదా."

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇంత సూటి జవాబు సారుకు ఏ తరగతిలోనూ రాలేదు. ఆయన నేరుగా ఉలిగప్ప దగ్గరికి వెళ్ళి, అనుమానం తీరేదాకా ఎంత లోతైనా తవ్వించుకోమన్నాడు. మూడు మాటలు మాత్రం అడిగాడు. యూనస్‌ను ఫ్యూజులతో సహా పంపించాలి. గుంత గోడలు నిట్టనిలువుగా ఉండాలి. మట్టి తడి తగిలేదాకా ఆపకూడదు. ఇంత ధైర్యంగా తవ్వమనే మనిషిని ఉలిగప్ప తన సర్వీసులో చూడలేదు. స్టేషన్‌కు మనిషిని పంపి, సుబ్బన్నకు తోడు ఇంకో ఇద్దరిని దింపించాడు.

తొమ్మిదడుగులు తవ్వారు. అడుగున తడి మట్టి వచ్చింది. దానితోపాటు ఒక పగిలిన కుండమూతి, వేలెడు ఇనుప ముక్క వచ్చాయి. ఉలిగప్ప ఆ రెంటినీ కవర్లో వేసి సీలు వేయబోతుంటే, ఆ ఇనుపది తన గడ్డపార మొన అని, ఇందాక గుండురాయికి తగిలి విరిగిందని, అది తనకిచ్చేయమని సుబ్బన్న అడిగాడు. పంచనామాలో కుండమూతి ఒక్కటే మిగిలింది. అక్కడ మట్టి తప్ప మరేమీ లేదని నలుగురి చేత సంతకాలు పెట్టించుకుని ఉలిగప్ప లేచాడు. జనం అయిష్టంగా వెళ్ళారు.

యూనస్ అయిదు గంటలకు తిరిగొచ్చాడు. స్టేషన్‌లో అడగాల్సిన రెండు మాటలూ పది నిమిషాల్లో అయిపోయాయట. ఊరికే కూర్చోలేక అక్కడి కూలరు విప్పాడు, విప్పినాక బిగించడానికి ఇంతసేపు పట్టింది. ఇద్దరూ రాగిరేకు దింపి, ఉప్పూ బొగ్గులూ వరసలు వరసలుగా పోసి, నీళ్ళు పోసి గుంత పూడ్చారు. కొత్త వైరు లాగి ఏసీ బిగించారు. ఫ్యూజులు పెట్టాక సారు మళ్ళీ బల్బు పట్టుకుని ఒక వైరు కరెంటుకూ ఒకటి ఎర్తుకూ తగిలించాడు. బల్బు భగ్గున వెలిగింది. బోర్డు మీద అన్నేళ్ళు గీసిన నాలుగు గీతలు నిజంగా పని చేయడం ఆయన చూసింది అదే మొదటిసారి. కొంచెంసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

రాత్రి ఎనిమిదిన్నరకు గది చల్లబడింది. రాధ మంచమెక్కి, ఒక పక్కకు ఒత్తిగిల్లి, మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రపోయింది. తన వల్ల జరిగినదానికి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చిన ఈరక్క గడప లోపల కూర్చుని, రెండో మాట దగ్గరే గోడకు చేరగిలబడి గురక పెట్టింది. తల దువ్వుకోకుండానే సారు తలుపు మెల్లగా మూశాడు.

మరుసటి రోజు పొద్దున్నే వీధివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, గుంత ఎంత లోతు ఉండాలి, ఉప్పు ఎంత పోయాలి అని వినయంగా అడిగారు. ఇన్నాళ్ళకు జనానికి సైన్సు తలకెక్కిందని సారుకు పట్టలేని సంతోషమైంది. అడిగినవాళ్ళకల్లా బొమ్మ గీసి, కొలతలు రాసి ఇచ్చాడు. ఉలిగప్ప కూడా మనిషిని పంపి ఒక కాగితం తెప్పించుకున్నాడు.

నెల తిరిగేసరికి ఆ వీధిలో తొమ్మిది ఇళ్ళకు ఎర్తు గుంతలు తవ్వారు, ఏసీ మాత్రం ఎవరూ కొనలేదు.