దడి చాటున నూట ఎనిమిది

శనివారం ఉదయం ఉమాకాంత్ పెట్టుకున్న పనులు మూడే: లాన్ కోయడం, కారుకి ఆయిల్ మార్పించడం, మధ్యాహ్నం నిద్రపోవడం. మొదటి పనికని గరాజ్ తలుపు ఎత్తుతుండగా వెనక పెరట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అయ్యో, పోయింది! మళ్ళీ పోయింది!"

పోయిందేమిటో అతనికి తెలుసు. లెక్క.

కిందటి చలికాలం ఉమాకాంత్‌కి పిత్తాశయంలో రాళ్ళు తేలి ఆపరేషన్ చేయాల్సి వస్తే, తణుకులో ఉన్న శశికళగారు మొక్కుకున్నారు. అల్లుడు క్షేమంగా బయటపడితే, అతనింటి తులసమ్మ చుట్టూ నలభై ఒక్క రోజులు, రోజుకి నూట ఎనిమిది ప్రదక్షిణలు. ఏ రోజైనా ఒక్క చుట్టు తగ్గిందా, మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. అల్లుడు క్షేమంగానే బయటపడ్డాడు. ఆవిడ విమానమెక్కి అమెరికాలో వాళ్ళుండే ఊరు నోవై వచ్చారు. ఇది ఎనిమిదో రోజు. తిరుగు టికెట్ మొక్కు తీరిన మూడో రోజుకి ఉంది. అంటే తప్పు జరగడానికి చోటు లేదు. తన ప్రాణం మీది మొక్కు కాబట్టి ఉమాకాంత్ విసుక్కోవడానికీ చోటు లేదు.

లెక్క కోసం మొదట్లో ఆవిడ మెట్టు మీద నూట ఎనిమిది బాదం పప్పులు పెట్టుకుని చుట్టుకొకటి పక్కకి జరిపేవారు. మూడో రోజుకి ఉడతలు వాటికి రుచి మరిగాయి. ఫోన్‌లో యాప్ వేసిస్తానన్నాడు ఉమాకాంత్.

"వద్దు బాబూ. మిషను లెక్కపెడితే పుణ్యం మిషనుకే పోతుంది" అన్నారావిడ. అప్పటి నుంచి లెక్కంతా మనసులోనే.

మనసులో లెక్కకి అడ్డమల్లా పక్కింటి డోనా. అరవై దాటిన మనిషి. రెండు పెరళ్ళ మధ్య గడ్డి తప్ప మరేమీ లేదు. ఆవిడ పొద్దున్నే కాఫీ కప్పుతో తన ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్ మీద కూర్చుని, ఉన్నట్టుండి కప్పు పైకెత్తి "గుడ్ జాబ్, శశీ!" అని కేకేస్తుంది. పలకరించిన మనిషికి బదులివ్వకపోతే ఏం మర్యాద? శశికళగారు ఆగి, నవ్వి, దణ్ణం పెట్టి, మళ్ళీ అడుగు వేసేసరికి డెబ్భై ఐదో డెబ్భై ఆరో తెలిసేది కాదు. ఆ శనివారం కూడా ఒకటి నుంచి మొదలుపెట్టారు.

"ఏవండీ, ఆవిడతో మీరు ఒక్కసారి మాట్లాడండి" అంది జయంతి వంటింటి తలుపు దగ్గర అట్లకాడతో నిలబడి.

"ఏమని? మా అత్తగారిని పలకరించకండి అనా?"

"అలా కాదు. పొలైట్‌గా."

"పొలైట్‌గా ఎలా అంటారో నువ్వు చెప్పు, అలాగే అంటాను."

జయంతి అట్టు తిరగేసేంతసేపు ఆలోచించింది. "అయితే ఏదో ఒకటి అడ్డం కట్టండి" అంది.

కట్టడం అంత తేలిక కాదు. కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘానికి, అంటే హెచ్ఓఏకి, నలభై పేజీల రూల్స్ పుస్తకం ఉంది. నాలుగడుగులు దాటిన కంచెకి అప్లికేషన్ పెట్టుకోవాలి. జవాబు రావడానికి ఆరు వారాలు. ఆ లోపల మొక్కూ అయిపోతుంది, అత్తగారి టికెట్టూ అయిపోతుంది. మొక్కలకి మాత్రం పర్మిషన్ అక్కర్లేదు. ఆ వాక్యం దగ్గర ఉమాకాంత్ ఆగాడు. లాన్ మాట మరిచిపోయి వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. విల్లో అని ఒక చెట్టు. దాని రెమ్మలు బెత్తాల్లా సన్నగా, ఎటు వంచితే అటు వంగుతాయి. పచ్చి రెమ్మల్ని నేలలో గుచ్చి, వాటి మధ్య మిగతావి అల్లితే దడి అవుతుంది. కొన్నాళ్ళకి వేళ్ళు తొడిగి, ఆకులేసి పచ్చటి గోడవుతుంది. చూడ్డానికి అందం, ఉండటానికి చాటు. చూస్తే కంచె, అడిగితే మొక్క. తన తెలివికి తనకే ముచ్చటేసింది.

మధ్యాహ్నం నిద్ర మానుకుని, లాన్సింగ్ వైపున్న ఒక ఫార్మ్ నుంచి మూడు వందల రెమ్మలు కారు పైన కట్టి తెచ్చాడు. అల్లే ముందు రెండు రోజులు నానబెట్టమన్నాడు ఫార్మ్ యజమాని. ఏడడుగుల రెమ్మలు పట్టే గిన్నె ఎవరింట్లోనూ ఉండదు. ఉన్నంతలో పెద్దది అత్తగారి బాత్రూంలోని టబ్. ఆవిడ నిద్రపోయాక అందులో నీళ్ళు నింపి పడేశాడు. కొసలు తోకల్లా బయటికి వేలాడాయి.

తెల్లవారుజామున ఇల్లంతా లేచింది.

"జయంతీ! మీ ఆయన తొట్టిలో కట్టెలు ఊరేశారే! తలస్నానం ఎక్కడ చేయనే?"

ఆ రెండు రోజులూ శశికళగారు కూతురి బాత్రూంకి మారారు, జయంతి అల్లం వాసనేసే కింది సింకు దగ్గర తల దువ్వుకుంది, ఉమాకాంత్ ఆఫీస్ జిమ్‌లో స్నానం చేశాడు. మంగళవారం లీవ్ పెట్టి దడి మొదలుపెట్టాడు. అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఆ పుల్ల దీని ముందు నుంచి, దాని వెనక నుంచి పోనివ్వండి బాబూ. రెండూ ముందు నుంచే లాగితే చాప అవుతుంది గానీ దడి అవుతుందా?"

"వీడియోలో ఇలాగే ఉందండీ అత్తయ్యగారూ."

"వీడియోలో గాలి వీయదుగా."

విప్పి మళ్ళీ అల్లాడు. సాయంత్రానికి ముప్పై అడుగుల పొడవున, ఆరడుగుల ఎత్తున చీమ దూరని దడి లేచింది. మర్నాడు శశికళగారి ప్రదక్షిణలు ఒక్క అడ్డు లేకుండా సాగాయి. లోపలికొచ్చి "ఎంత హాయిగా ఉందో బాబూ" అన్నారు. ఉమాకాంత్ పెసరట్టులో ఆ రోజు నెయ్యి ఎక్కువ పడింది.

నాలుగో రోజు ఉత్తరం వచ్చింది. పర్మిషన్ లేకుండా కంచె వేశారని హెచ్ఓఏ తరఫున బిల్ అనే పెద్దమనిషి రాశాడు. ఉమాకాంత్ వెంటనే మెయిల్ కొట్టాడు: అది కంచె కాదు, మొక్కలు. ఏం మొక్కలని బిల్ అడిగాడు. విల్లో అన్నాడు ఉమాకాంత్. విల్లో వేళ్ళు డ్రెయిన్ పైపుల్లోకి దూరతాయి కాబట్టి అది నిషేధించిన మొక్కల జాబితాలో, పదహారో పేజీలో ఉందని బిల్ రాశాడు. ఉమాకాంత్ ఆ పేజీ అప్పుడు చదివాడు. చదివి ఇంకో మెయిల్ కొట్టాడు: నిజానికి అవి ఎండు పుల్లలు, అలంకారానికి మాత్రమే.

"ఒకే మనిషికి రెండూ రాశారా?" అంది జయంతి.

"సబ్జెక్ట్ లైన్ మార్చాను."

బిల్ ఈసారి ఒక్క ముక్కే రాశాడు. వచ్చే శనివారం ఉదయం తొమ్మిదిన్నరకి స్వయంగా చూడటానికి వస్తున్నాడు. సరిహద్దు ఇంటివాళ్ళు కూడా ఉండాలి కాబట్టి డోనాని వెంటబెట్టుకొస్తాడు.

ఆ వారం మొదట్లో వాన, ఆ వెంటనే మంచి ఎండ. గురువారానికి ఎండు పుల్లలు మొటిమల్లాంటి మొగ్గలు తొడిగాయి. శుక్రవారానికి లేత ఆకులు విచ్చాయి. తొట్టిలో ఊరిన కట్టె చిగిర్చిందంటే అది తులసమ్మ మహిమ కాక మరేమిటని శశికళగారు గుంజ గుంజకీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. చావులేని ఆ చిగుళ్ళని చూస్తే ఉమాకాంత్‌కి మాత్రం బిల్ మొహమే కనిపించింది.

శనివారం ఏడున్నరకి ప్లాస్టిక్ సంచీ పట్టుకుని దడి దగ్గరికి చేరి ఆకులు తుంచడం మొదలుపెట్టాడు. కొస నుంచి కొసకి ముప్పై అడుగులు. ఎనిమిదిన్నరకి అత్తగారు ప్రదక్షిణలకి వచ్చేసరికి ఇంకా పన్నెండడుగులు మిగిలింది. తులసి కుండీ చాటున వంగి కానిచ్చేద్దామనుకున్నాడు. కుండీ అంత పెద్దది కాదు.

"బాబూ! ఏం చేస్తున్నారక్కడ?" నడక ఆపకుండానే అడిగారావిడ.

"ఏం లేదండీ, కొంచెం ట్రిమ్ చేస్తున్నాను."

"బొట్టు పెట్టిన చెట్టుకి చిగుళ్ళు తుంచుతారా? మీ ప్రాణం కోసం నేనిక్కడ మోకాళ్ళరిగేలా తిరుగుతుంటే, మీరక్కడ చిగుళ్ళు తుంచుతారా?"

"హెచ్ఓఏ వాళ్ళు వస్తున్నారండీ."

"ఎవరైనా రానివ్వండి! చెట్టుకి నొప్పి ఉండదా?"

తిట్టు తిట్టుకీ ఒక చుట్టు పూర్తయింది. చివరికి "నూట ఎనిమిది" అని గట్టిగా అనుకుని, అల్లుడి వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

బిల్ సరిగ్గా తొమ్మిదిన్నరకి టేపుతో వచ్చాడు. డోనా చంకలో ఒక నోటు పుస్తకం ఉంది. దడి ఎత్తు ఆరడుగుల రెండంగుళాలని బిల్ రాసుకున్నాడు. పై కొసన ఒకే ఒక్క ఆకు మిగిలి ఉంది. దాని కింద కుంకుమ బొట్టు. బిల్ దాని వైపు వేలు చూపించాడు.

"అది గాలికి ఎక్కడినుంచో వచ్చి పడింది" అన్నాడు ఉమాకాంత్.

బిల్ ఆకుని మెల్లగా లాగాడు. దడి మొత్తం ఊగింది. తెగి చేతికొచ్చిన ఆకుని జేబులో వేసుకున్నాడు.

అప్పుడు డోనా అడ్డొచ్చింది. తను వచ్చింది ఆకుల కోసం కాదంది. శశికి ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. ఎందుకలా అడుగుతున్నారంది జయంతి.

"ఈ రోజు నూట నాలుగు దగ్గరే ఆగిపోయింది. ఎప్పుడూ అలా ఆగదు. మోకాలు పట్టేసిందేమోనని భయమేసింది."

తలుపు దగ్గర నిలబడ్డ తల్లికి జయంతి ఆ మాట తెలుగులో చెప్పింది. శశికళగారు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నారు. ఇరవై రెండు రోజులు నడిచిన మొక్కు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే టికెట్ ఒప్పుకోదు.

"ఆవిడకెలా తెలుసో అడగవే."

డోనా కూతుళ్ళు ముగ్గురూ స్కూల్లో ఈత పోటీలకి వెళ్ళినవాళ్ళు. పదిహేనేళ్ళు ఆవిడ కొలను గట్టున కూర్చుని రౌండ్లు లెక్కపెట్టింది. ఎవరైనా తిరుగుతుంటే లెక్కపెట్టకుండా ఉండలేదు. శశి కూడా ఏదో పందేనికి తయారవుతోందనుకుని, ఇరవై అయిదు రౌండ్లకోసారి ఉత్సాహానికి ఒక కేక వేసేది. మొదటి రోజు వందకి ఆపుతుందనుకుంటే నూట ఎనిమిదికి ఆపిందట. తేదీలవారీగా రాసుకుంది కూడా.

"మరి దడి కట్టాక?" అన్నాడు ఉమాకాంత్.

"పైన బాత్రూం కిటికీలోంచి. అక్కడినుంచి మీ పెరడంతా చక్కగా కనిపిస్తుంది" అంది డోనా. ఉమాకాంత్ తలెత్తి ఆ కిటికీని మొదటిసారి చూశాడు.

శశికళగారు ఇదంతా వినడం లేదు. ఫ్రిజ్ మీది గుడి క్యాలెండర్‌లో నోవై సూర్యోదయం లెక్కన ఆ రోజు రాహుకాలం తొమ్మిది నలభై ఆరుకి మొదలు. గోడ గడియారం తొమ్మిది నలభై రెండు చూపిస్తోంది. చెంగు బిగించి పెరట్లోకి పరుగెత్తారు. 

"లెక్కపెట్టమనవే ఆవిడని! పైకి వినబడేలా!"

డోనా వేళ్ళెత్తి లెక్కపెట్టింది. నూట అయిదు. నూట ఆరు. విషయం తెలియకపోయినా బిల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నూట ఏడు దగ్గర మోకాలు కలుక్కుమంది. జయంతి ముందుకొస్తే "ముట్టుకోకు!" అని గదిమారు. నూట ఎనిమిది పూర్తయ్యేసరికి తొమ్మిది నలభై అయిదు.

"గుడ్ జాబ్, శశీ!"

శశికళగారు రొప్పుతూనే నోటు పుస్తకం అడిగి తీసుకున్నారు. ఇరవై రెండు రోజులు, ఏ రోజూ నూట ఎనిమిదికి తగ్గలేదు. లెక్క తప్పిందని మళ్ళీ మొదలుపెట్టిన ఎనిమిదో రోజు నూట ఎనభై మూడు. ఆవిడ డోనా నుదుటి మీద బొట్టు పెట్టి, అల్లుడి వైపు తిరిగారు.

"బాబూ, ఆ దడి కొయ్యండి."

"మొత్తం పీకేయమంటారా?"

"పీకడమెందుకు? ఆవిడ కుర్చీకి ఎదురుగా ఓ కిటికీ పెట్టండి. పాపం, బాత్రూంలో నిలబడి ఎన్నాళ్ళు లెక్కపెడుతుంది?"

జయంతి ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పగానే బిల్ రూల్స్ పుస్తకం తిరగేశాడు. అవతలివైపు కనిపించేలా ఉంటే దాన్ని కంచె అనరట, పందిరి అంటారట. పందిరికి ఎత్తు నిబంధన లేదు. వేళ్ళ సంగతి చలికాలం ముందు చూద్దామని, జేబులోని ఆకు ప్రస్తావన ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

ఉమాకాంత్ మధ్యాహ్నమే రెండడుగుల కిటికీ కోశాడు. నలభై ఒకటో రోజున మొక్కు తీరింది, చెప్పిన రోజుకే శశికళగారు విమానమెక్కారు. డోనా మాత్రం కుర్చీ జరపలేదు. ఉమాకాంత్ లాన్ కోసేటప్పుడు ఎన్ని వరసలయ్యాయో ఆవిడే చెబుతోంది.

కర్టెన్ కోసం జయంతి ఆదివారం దడిలోని ఆ కిటికీ కొలతలు తీసుకుంది.