కోస్టినక్ నియమం

పెద్దపేగు కేన్సర్ తెచ్చుకోదలచిన వారెవరైనా ముందుగా ఎలుకగా పుట్టడం అన్ని విధాలా శ్రేయస్కరం. ఇది నా సొంత అభిప్రాయం కాదు. మా కెనడాలో, ఈ వినిపెగ్ ఊళ్లో అమలులో ఉన్న నియమాలన్నీ ఒకటికి రెండుసార్లు చదివి తేల్చుకున్న విషయం. మనిషిగా పుట్టిన వారు నిరుత్సాహపడనక్కర్లేదు. వారికీ ఏర్పాట్లు ఉన్నాయి, కాకపోతే అవి ఫ్యాక్స్ ద్వారా జరుగుతాయి.

నేను ప్రెయిరీ జీర్ణకోశ పరిశోధన సంస్థలో జంతు సంక్షేమ కమిటీ సభ్యుణ్ణి. సైంటిస్టుననుకునేరు. ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మాన్‌ని. కమిటీలో ప్రజల తరఫున ఒకరు ఉండాలనీ, ఆ ఒకరికి సైన్సు బొత్తిగా తెలిసి ఉండకూడదనీ నియమం. నా అర్హత గురించి ఇంటర్వ్యూలో ఎవరికీ ఏ సందేహమూ కలగలేదు. నెలకోసారి మీటింగు, కాఫీ, బిస్కెట్లు. (చాక్లెట్ బిస్కెట్లు సైంటిస్టుల వైపు పెడతారు. ప్రజల వైపు మామూలువి.)

సంస్థ నాలుగో అంతస్తులో డాక్టర్ ఎడెల్ థీసన్ గారి ఎలుకలు ఉంటాయి. ఆవిడ చేసే పని నాకు మొదటి మీటింగులోనే అర్థమైపోయింది. అది నా తెలివి కాదు, నా ఉద్యోగం చలవ. పేగులో పుట్టిన కేన్సర్ కణం పెరగాలన్నా, పేగు దాటి వెళ్లి లివర్‌లో కాపురం పెట్టాలన్నా దానికి లోపల్నుంచి ఒక ఆజ్ఞ అందాలి. ఆ ఆజ్ఞని ఒక జన్యువు రాసి పంపిస్తుంది. థీసన్ గారు ఆర్‌ఎన్‌ఏ ముక్కొకటి తయారుచేసి కణంలోకి పంపుతారు. అది దారి కాచి ఆ ఉత్తరాన్ని పట్టుకుని ముక్కలు చేసేస్తుంది. జన్యువు రాస్తూనే ఉంటుంది, ఉత్తరం మాత్రం చేరదు. కణితి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. జన్యువు నోరు మూయించడం అంటే ఇదేనట.

“అంటే ఉత్తరం చేరకపోతే కేన్సర్ ఆగిపోతుందన్నమాట,” అన్నాను.

“అన్ని ఉత్తరాలూ కాదు హార్వీ గారూ. ఏ ఉత్తరం అన్నది ముఖ్యం,” అన్నారావిడ నవ్వుతూ.

ఎలుకలు రెండు గుంపులు. మొదటి గుంపుకి అసలైన ముక్క ఇస్తారు. రెండో గుంపుకి దేనికీ పనికిరాని ముక్క ఇచ్చి, ఏం జరుగుతుందో చూస్తూ కూర్చుంటారు. కణితి పెరుగుతుంది, లివర్‌కి పాకుతుంది. మా కమిటీ ఉన్నది ముఖ్యంగా ఆ రెండో గుంపు కోసం. ఎలుక బరువు తగ్గినా, పెంటికల్లో రక్తం కనిపించినా, వీపు గూని చేసుకుని మూలన కూర్చున్నా ఇరవై నాలుగు గంటల్లోగా పశువైద్యుడు వచ్చి చూడాలి. ఆదివారమైనా సరే, క్రిస్మస్ అయినా సరే. అవసరమైతే పేగులోకి కెమెరా పంపి చూస్తారు. అగ్గిపుల్లంత సన్నటి కెమెరా, ఐదో అంతస్తులో ఉంటుంది, మర్నాటికల్లా దొరుకుతుంది. బాధ తగ్గించే వీల్లేకపోతే ఆ ఎలుకని ఇక బాధపెట్టకూడదు. ఆ నియమాలు చదివినప్పుడు నాకు మన దేశం మీద గౌరవం పెరిగిన మాట నిజం.

ఆ ఎలుకలకి తిండీ నీళ్లూ చూసేవాడు వెస్ కోస్టినక్. నా స్నేహితుడు, మా కర్లింగ్ జట్టుకి కెప్టెన్. మంచు మీద రాయి వదిలి, దాని ముందు చీపుళ్లతో తుడిచే మమ్మల్ని ఊరంతా వినపడేలా తిట్టడం అతని బాధ్యత. కిందటి అక్టోబరులో ఆట అయ్యాక క్లబ్బులో కూర్చున్నాం. అతని ముందు ప్లేటులో ఆలూ కూరి, ఉల్లిపాయలు వేయించి వేసిన పెరోగీ కుడుములు అలాగే ఉండిపోయాయి. వెస్ పెరోగీలు వదిలిపెట్టడం నేను ఎన్నడూ చూడలేదు.

“ఏరా, ఉల్లిపాయలు మాడాయా?” అన్నాను.

“కాదురా హార్వీ. కొన్నాళ్లుగా రక్తం పడుతోంది. ఇంట్లో చెప్పలేదు.”

“డాక్టర్‌కైనా చెప్పావా, లేక ఎలుకలకి మాత్రమే చెప్పావా?”

“చెప్పాన్లే. పేగులోకి కెమెరా పంపి చూడాలన్నాడు. ఫ్యాక్స్ కొట్టాడట. వాళ్లే పిలుస్తారట.”

వాళ్లు అంటే కేంద్ర స్వీకరణ విభాగం. నగరంలో ఎవరి పేగు చూడాలన్నా ముందు ఆ విభాగం స్వీకరించాలి. నవంబరు వెళ్లింది, పిలుపు రాలేదు. డిసెంబరులో వెస్ మా వంటింట్లో కూర్చుని ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్ చేయమన్నాను, అందుచేత ఆ సంభాషణని ఉన్నదున్నట్టు సమర్పించగలుగుతున్నాను.

“మీ ఫ్యాక్స్ మాకు అందలేదండీ,” అంది అవతలి అమ్మాయి, ఎంతో మర్యాదగా.

“మా డాక్టర్ పంపానంటున్నాడమ్మా.”

“పంపడం వేరు, అందడం వేరు కదండీ.”

“పోనీ మళ్లీ పంపమననా?”

“పంపొచ్చండీ. కానీ రెండుసార్లు వస్తే డూప్లికేట్ కింద రెండూ తీసేస్తాం.”

“మొదటిది అందలేదన్నారుగా?”

“అందలేదండీ. ఒకవేళ అందితే డూప్లికేట్ అవుతుంది.”

వెస్ నా వంక చూశాడు. నేను మళ్లీ అడగమని సైగ చేశాను.

“మరి నేనేం చెయ్యాలమ్మా?”

“మీ పరిస్థితి మారితే మీ డాక్టర్ గారు కొత్త ఫ్యాక్స్ పంపొచ్చండీ.”

“మారితే అంటే?”

“అంటే... విషమిస్తే.”

“సరే తల్లీ. త్వరలోనే విషమించేలా చూసుకుంటాను,” అని వెస్ ఫోన్ పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మైనస్ ముప్ఫై డిగ్రీల చలిలో, మోకాళ్ల లోతు మంచులో, కుక్కలు వెంటపడుతుంటే కూడా ఉత్తరం చేర్చినవాణ్ణి నేను. ఆ డాక్టర్ క్లినిక్కీ స్వీకరణ విభాగానికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డు. మర్నాడు ఆ కాగితం నేనే తీసుకుని రోడ్డు దాటి కౌంటర్ దగ్గర నిలబడ్డాను. చేత్తో ఇచ్చినవి తీసుకోం అంది కౌంటర్‌లో ఉన్నావిడ. రోగి వివరాల గోప్యత దృష్ట్యా ఫ్యాక్స్ ద్వారానే రావాలట. ఫ్యాక్స్ యంత్రం ఆవిడ మోచేతి పక్కనే ఉంది. కాగితం అక్కడ పెట్టమని బతిమాలాను. అలా పెడితే అది పంపినట్టు కాదు, పెట్టినట్టు అవుతుందన్నారు.

తిరిగొస్తూ నాకు ఒక సంగతి స్ఫురించింది. ఉత్తరాలు దారిలో మాయం చేసే విద్యలో థీసన్ గారి ప్రయోగశాల ఇంకా ఓనమాల దశలోనే ఉంది. ఆవిడ ముక్క పది ఉత్తరాల్లో ఏడెనిమిదింటిని పట్టుకుంటుందట, దానికే దేశవిదేశాల్లో చప్పట్లు. స్వీకరణ విభాగం ఏ ఆర్‌ఎన్‌ఏ సాయమూ లేకుండా అంతకంటే ఎక్కువే సాధిస్తోంది. చిన్న తేడా ఉంది. ఆవిడ ఆపేది కేన్సర్ రాసిన ఉత్తరాన్ని, వీళ్లు ఆపేది డాక్టర్ రాసిన ఉత్తరాన్ని. అందుచేత అక్కడ కణితి ఆగుతుంది, ఇక్కడ పెరుగుతుంది.

జనవరిలో మా సంస్థలో ఘోరం జరిగింది. రెండో గుంపులో ఒక ఎలుక బరువు తగ్గినట్టూ, దానికి రక్తం పడుతున్నట్టూ శుక్రవారం తేలింది. సాయంత్రం మళ్లీ చూసి పశువైద్యుడికి కబురు చెయ్యాల్సిన మనిషి రాలేదు. సోమవారం దాకా ఆ ఎలుకని ఎవరూ చూడలేదు. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఆ రోజు బిస్కెట్లు ఏ వైపువీ ఎవరూ ముట్టుకోలేదు.

అధ్యక్షురాలు బెవర్లీ సిగుర్డ్‌సన్ గారు లేచి నిలబడ్డారు. “ఒక ప్రాణి. బరువు తగ్గిపోతోంది. రక్తం పడుతోంది. మూడు రోజులు! మూడు రోజులు దాన్ని అలా వదిలేశామంటే మనం మనుషులమేనా?”

పశువైద్యుడు డాక్టర్ గోత్యే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషి, ప్రతి ఎలుకనీ పేరు పెట్టి పిలుస్తాడు. సంజాయిషీ ఇచ్చుకోవాల్సినవాడిని లోపలికి పిలిచారు. వెస్ వచ్చి కూర్చున్నాడు. కర్లింగ్ జట్టు జాకెట్టు వేసుకున్నాడు, అందులో ఇంకో మనిషికి చోటుంది.

“వెస్ గారూ, శుక్రవారం సాయంత్రం మీరెక్కడున్నారు?”

“క్లినిక్‌లో మేడమ్. నంబరు పిలుస్తారేమోనని మూసేదాకా కూర్చున్నాను.”

“ఏమిటి సమస్య?”

“బరువు తగ్గుతున్నాను మేడమ్. రక్తం పడుతోంది.”

“ఎప్పట్నుంచి?”

“అక్టోబరు నుంచి.”

సిగుర్డ్‌సన్ గారు కలం ఎత్తి, మళ్లీ కింద పెట్టేశారు. “ఇది అజెండాలో లేదు,” అన్నారు మెల్లగా.

ప్రజల ప్రతినిధిగా నేను ఆ కమిటీలో అంతవరకూ అడిగిన ప్రశ్నలన్నీ కాఫీ గురించినవే. ఆ రోజు చెయ్యెత్తాను. “ఆ ఇరవై నాలుగు గంటల నియమం వెస్‌కి వర్తించదా అండీ?”

ఆవిడ నన్ను కసురుకోలేదు. నియమావళి తెరిచి, నిజాయితీగా వెతికారు. చిట్టెలుకలున్నాయి, పెద్ద ఎలుకలున్నాయి, కుందేళ్లున్నాయి, చారల చేపలు కూడా ఉన్నాయి. “జాబితాలో లేరండీ,” అన్నారు చివరికి, నొచ్చుకుంటూ.

“గోత్యే గారూ, మీరు చూడొచ్చుగా? మనిషి మీ ఎదురుగానే ఉన్నాడు. కెమెరా పై అంతస్తులోనే ఉంది.”

“హార్వీ, నా లైసెన్సు భూమ్మీదున్న ప్రతి జంతువుకీ చెల్లుతుంది, ఒక్కదానికి తప్ప,” అన్నాడు గోత్యే. “వెస్ మీద చెయ్యి వేశానంటే రేపట్నుంచి ఎలుకని కూడా ముట్టుకోనివ్వరు నన్ను.”

“పోనిద్దురూ,” అన్నాడు వెస్. “ఆ అగ్గిపుల్ల కెమెరా నాకేం ఆనుతుంది?”

అందరూ హాయిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ బల్లని బిస్కెట్లతో సహా ఎత్తి తిరగెయ్యాలనిపించింది. తిరగెయ్యలేదు, కూర్చున్నాను, ఆ సంగతి ఇప్పటికీ నన్ను తినేస్తోంది. విచారణ తీర్మానంతో ముగిసింది. ఎలుక పట్ల కమిటీ తీవ్ర విచారం వ్యక్తం చేసింది. వెస్‌కి నిర్బంధ శిక్షణ విధించింది. శిక్షణ పేరు ‘సాటి ప్రాణి బాధను సకాలంలో గుర్తించుట’. (వెస్ అందులో ఫస్టున పాసయ్యాడు.)

ఫిబ్రవరి చివర్లో కర్లింగ్ ఆడుతుండగా వెస్ రాయి వదలడానికి వంగి, మళ్లీ లేవలేదు. అంబులెన్సు వచ్చింది. పరిస్థితి విషమించింది గనక ఫ్యాక్స్ అవసరం పడలేదు. పేగుకి అడ్డంగా కణితి, ఆ పూటే ఆపరేషను. లివర్‌లో మచ్చలు కనిపించాయని సర్జన్ చెప్పాడు.

వార్డుకి థీసన్ గారు కూడా వచ్చారు. ఆవిడ ప్రయోగం ఆ వారమే ముగిసింది. జన్యువు నోరు మూయించిన గుంపులో లివర్లు శుభ్రంగా ఉన్నాయట. రెండో గుంపులో అన్నిట్లోనూ మచ్చలే.

“అయితే నేను రెండో గుంపన్నమాట,” అన్నాడు వెస్.

ఆవిడ మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. “ఆ మందు మనుషుల దాకా రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది వెస్.”

“పోనీ ఆ మందు అక్టోబరులోనే ఉండుంటే పనిచేసేదా డాక్టర్?”

“అక్టోబరులో నీకు ఆ మందే అక్కర్లేదు. కెమెరాతో చూసి, కోసి తీసేస్తే సరిపోయేది,” అన్నారావిడ.

అప్పుడే వెస్ ఫోన్ మోగింది. స్వీకరణ విభాగం. అక్టోబరు నాటి ఫ్యాక్స్ దొరికిందని శుభవార్త చెప్పారు. అయితే ఆసుపత్రి వారు మొన్న పంపిన కాగితాల్లోనూ ఇదే పేరు ఉన్నందువల్ల డూప్లికేట్ కింద తీసేశామన్నారు. అసౌకర్యానికి చింతిస్తున్నామన్నారు.

వెస్ కథ విని మా కమిటీ చలించిపోయింది. ఇది వెటకారం కాదు, సిగుర్డ్‌సన్ గారు నిజంగానే ఏడ్చారు. ఇలాంటిది మరెన్నడూ జరగకూడదన్నారు. ఇరవై నాలుగు గంటలు మరీ ఎక్కువనీ, బరువు తగ్గి రక్తం కనిపిస్తే ఇకమీదట నాలుగు గంటల్లోగా వైద్యం అందాల్సిందేననీ ఆవిడే ప్రతిపాదించారు. దానికి ‘కోస్టినక్ నియమం’ అని పేరు పెట్టారు. ఏకగ్రీవంగా ఆమోదించాం. నేనూ చెయ్యెత్తాను.

ఆ కాగితం తీసుకుని వార్డుకి వెళ్లాను. ఉత్తరం చేర్చడం నాకు అలవాటైన పనే.

“బతికుండగానే నా పేరు పెట్టేశారేంట్రా?” అన్నాడు వెస్.

“ఈ ఏడాది నివేదికలోకి ఎక్కాలంటే మార్చిలోపే పెట్టాలటరా.”

వెస్ కుట్ల మీద చెయ్యి అదిమి పట్టుకుని చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక, “ఇంతకీ ఎవరికి వర్తిస్తుందో చదువు,” అన్నాడు.

కాగితం తిప్పి చదివాను. చిట్టెలుకలకీ, పెద్ద ఎలుకలకీ వర్తిస్తుంది. వచ్చే ఏడాది నుంచి కుందేళ్లకి కూడా.