ఉభయంగా ఇచ్చిన సోఫా

హోసూరులోని మా లేఅవుట్‌లో నల్లులు లేవు. ఈ సంగతిని సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. నల్లులు అద్దె గదుల్లోనూ, బెంగళూరు హాస్టళ్లలోనూ ఉంటాయనీ, సొంత ఇల్లు కట్టుకున్నవాళ్ల జోలికి రావనీ మా అందరి నమ్మకం. తీర్మానాన్ని బలపరిచినవాణ్ణి నేనే. కాబట్టి మా ఇంట్లో నన్ను కుడుతున్నవి నల్లులు కావడానికి వీల్లేదు.

మొదట దోమలన్నాను, దోమతెర కట్టించాను. తర్వాత వంకాయ ఒంటికి పడలేదన్నాను, వంకాయను ఇంట్లోంచి బహిష్కరించాను. దద్దుర్లు వరుస తప్పకుండా లేస్తుంటే, ఇంత క్రమశిక్షణ నా ఒంటికి ఎక్కడిదా అని కాస్త గర్వపడ్డాను కూడా. చివరికి నా భార్య పుష్పావతి టార్చి తీసుకుని సోఫా కుట్ల వెంట వెతికింది. నల్లటి చుక్కలు, తెల్లటి గుడ్లు, వాటి మధ్య చింతగింజ రంగులో తిరుగుతున్న ఆసాములు కనిపించారు.

"ఇవి నల్లులే. ఆదివారం మోనిషా అత్తామామా వస్తాండారు. వాళ్లు ఈడ కూర్చుని ఒళ్లు గీరుకుంటే, బిడ్డ ఆడ తలెత్తుకుని తిరగగలదా? మందు కొట్టేవాళ్లని పిలవండి" అంది.

మా అమ్మాయి మోనిషాకు పెళ్లయి ఏడాది కాలేదు. దాని మామ రామచంద్రప్ప తళిలో గులాబీలు పండించే మర్యాదస్తుడు. కూతురి పరువంటే నాకూ ప్రాణమే. కానీ మందు కొట్టేవాళ్ల వ్యాను మీద మనిషంత నల్లి బొమ్మ ఉంటుంది. అది మా గేటు ముందు ఆగితే తీర్మానం ఏమైపోవాలి? పోనీ సోఫాను కాల్చేద్దామంటే, పొగ ఎందుకని వీధంతా అడుగుతుంది.

అప్పుడు నాలోని దాత మేల్కొన్నాడు. ఉభయం ఇవ్వడం, అంటే గుడికో సంఘానికో పేరు రాయించి వస్తువు దానం చెయ్యడం, మా వైపు గొప్ప ఆచారం. గుడికి ట్యూబులైటు ఇచ్చినవాళ్లు దాని మీద తాతల పేర్లతో సహా రాయిస్తారు. మిగిలిన సందులోంచి వెలుతురు ఎలాగో వస్తుంది. నేనూ మా సోఫాను సంఘం హాలుకు ఉభయంగా ప్రకటించి, వీపు ఆనించే చోట బంగారు రంగుతో ‘అనంతకుమార్ కుటుంబం’ అని రాయించి పంపేశాను. ఇక్కడ పుష్పావతి దుప్పట్లు ఉడకబెట్టి, మంచాల సందుల్లో మరిగే నీళ్లు పోసి, ఇల్లు శుభ్రం చేసింది.

ఆదివారం వియ్యంకులు వచ్చారు. మా ఇంట్లో ఎవరూ గోక్కోలేదు. ఆ ఆనందంలో ఉండగానే సంఘం అధ్యక్షుడు శ్రీరంగప్ప వచ్చి, సాయంత్రం దాతకు సన్మానమనీ, రామచంద్రప్పగారే ముఖ్య అతిథి అనీ చెప్పాడు. వద్దనమని పుష్పావతి నా మోచెయ్యి గిల్లింది. నేను శాలువా రంగు గురించి ఆలోచిస్తున్నాను.

వేదిక మీద సోఫా ఒక్కటే ఉంది. నన్నూ వియ్యంకుణ్ణీ దాని మీదే కూర్చోబెట్టారు. శ్రీరంగప్ప మైకు అందుకున్నాడు.

"ఇది ఉత్త సోఫా కాదు, అనంతకుమార్ ఇంటి సంస్కారం. దీని మింద కూర్చున్న ప్రతి ఒక్కరితోనూ ఈ సంస్కారం వాళ్ల ఇంటిదాకా పోవాలని కోరుకుంటాండాను."

చప్పట్లు మోగాయి. ప్రసంగం మధ్యలో వియ్యంకుడు కదిలాడు. నేనూ కదిలాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాము గానీ, గోక్కోవడానికి ఎవరమూ చెయ్యి ఎత్తలేదు. తర్వాత కార్యవర్గమంతా ఒక్కొక్కరుగా మా పక్కన కూర్చుని ఫోటో దిగింది.

ఆ తర్వాత మా లేఅవుట్‌లో దానగుణం విపరీతంగా పెరిగింది. హాలు నిండా మంచాలు, దివాన్లు, పరుపు కుర్చీలు, అన్నిటి మీదా పేర్లు. తీర్మానం మాత్రం అలాగే ఉంది.

నిన్న మోనిషా ఫోను చేసింది. మా ఇంటి నుంచి తిరిగి వెళ్లినప్పటి నుంచి వాళ్లత్త దిండ్లు ఎండలో వేస్తూనే ఉందట, తనతో సరిగ్గా మాట్లాడటం లేదట. నాకు సిగ్గేసింది, భయం కూడా వేసింది. ఇంతలో రామచంద్రప్ప ఫోను తీసుకున్నాడు. ఆయన గొంతులో మర్యాద ఏమాత్రం తగ్గలేదు.

"మా ఇంట్లో పాత సోఫా ఒకటి ఉండాది బావా. భజన మందిరానికి ఉభయం ఇస్తాండాము. ముఖ్య అతిథిగా మీరే వచ్చి, దాని మింద కూర్చోవాల."

వస్తానన్నాను. బిడ్డ కాపురం ముందు నా ఒళ్లెంత? శాలువా మాత్రం కాస్త పెద్దది చూడమన్నాను. లోపల చెయ్యి ఏం చేస్తున్నా బయటికి కనిపించకూడదు. ఇది చదువుతున్న మీ బీరువాలో ఉన్న శాలువాలు ఏం కప్పుతున్నాయో మీకే తెలియాలి.