ఉదాహరణకు ఒక గొయ్యి

అర్జీల శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం చారిత్రక ప్రకటన చేశారు. ఇకమీదట ప్రజలెవరూ శాఖ చుట్టూ తిరగనక్కర్లేదు, వాళ్ల తరఫున ఏఐ ఏజెంట్లు వచ్చి అర్జీ ఎక్కడుందో చూసుకుపోతాయి అన్నారు. ఆ మాట మైకులో సగం, గాలిలో సగం పోయి, మెట్ల దగ్గరున్న అటెండరు చెవిని "ఏ ఏజెంట్లైనా" అని చేరింది. అతను ఆజ్ఞాపాలనలో దిట్ట. గేటు బయట గోడవార కూర్చుని జనానికి ఫారాలు నింపిపెట్టే ఏజెంట్లను ముగ్గురినీ సగౌరవంగా తెచ్చి సమావేశపు గదిలో కూర్చోబెట్టాడు. వాళ్లు టీ తాగి, తమను గుర్తించడానికి శాఖకు ఇన్నేళ్లు పట్టిందని కళ్లు తుడుచుకుంటుండగా డైరెక్టరుగారు వచ్చి, ఏఐ ఏజెంటంటే మనిషి కాదు, కంప్యూటర్లో ఉండే తెలివి అని చెప్పి పంపించేశారు.

"దానికి టీ పొయ్యక్కర్లేదు కాబట్టేగా" అంటూ లేచాడు వాళ్లలో పెద్దాయన. ఆ రోజు శాఖలో పలికిన తెలివైన మాట అదొక్కటే.

ఆ తెలివిగల ఏజెంట్ల కోసం కట్టిన కిటికీ పేరు దర్శిని. కంప్యూటరువాళ్లు దాన్ని రీడ్-ఓన్లీ ఏపీఐ అన్నారు. నంబరు ఇస్తే అర్జీ ఏ స్థితిలో ఉందో చెబుతుంది. అంతే. ఫైలును జరపదు, కదపదు, కామా కూడా పెట్టదు. మంత్రిగారికి ఈ గుణమే తెగ నచ్చింది. చూస్తుంది గానీ చెయ్యి పెట్టదంటే మన శాఖ పద్ధతి అచ్చు గుద్దినట్టు దిగిందని మెచ్చుకున్నారు.

దర్శినిని ఎలా అడగాలో ఏజెంట్లకు చెప్పే పత్రం ఒకటి కావాలి. ఆ పని రాతల మాస్టారి నెత్తిన పడింది. ఆయన తలరాతే రాత. ఇరవై రెండేళ్లుగా శాఖ నియమావళులన్నీ రాసింది ఆయనే, చదివింది కూడా ఆయన ఒక్కరే. ఒకసారి నలభయ్యో పేజీలో, ఇది చదివినవారు నా బల్ల దగ్గరకొస్తే కాఫీ ఇప్పిస్తాను అని రాశారు. పదకొండేళ్లుగా ఆ కాఫీ ఆయనే తాగుతున్నారు. అలాంటి మనిషికి, అక్షరం వదలకుండా చదివే పాఠకులు లక్షల్లో దొరికారని తెలిసేసరికి కాళ్లు నేల మీద ఆగలేదు.

ఇంట్లో ఆయన భార్య కాలు కూడా నేల మీద లేదు. కట్టు కట్టించుకుని స్టూలు మీద పెట్టుకుని ఉంది. తొమ్మిది నెలల కిందట పైపుల కోసమని గుమ్మం ముందు గొయ్యి తవ్వినవాళ్లు, పైపులు మరిచిపోయి గొయ్యి వదిలేసి వెళ్లారు. ఈమధ్యే అందులో కూరల సంచీతో సహా పడింది ఆవిడ. గొయ్యి తవ్విన మొదటి వారమే పెట్టిన అర్జీ నంబరు 40718. పూటపూటా కంచం ముందు ఆ నంబరు చదువుతుంది.

"లక్షల మంది చదివే పత్రం రాస్తున్నాను తెలుసా" అన్నారు మాస్టారు.

"రాయండి. నా గొయ్యి ఎప్పుడు పూడుస్తారో కూడా రాయండి."

"అది రాతలో లేదోయ్, చేతలో ఉంది."

ఆవిడ నవ్వలేదు. పెళ్లయినప్పటి నుంచీ అంతే.

మాస్టారు పత్రం రాశారు. నడుమ ఉదాహరణకు ఒక అర్జీ నంబరు కావలసి వచ్చింది. ఆయనకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే. ప్రశ్న: 40718. జవాబు: పరిశీలనలో ఉంది. చూసుకుని మురిసిపోయి, భార్యకూ చదివి వినిపించారు. ఆ తర్వాత పత్రం పదకొండు సెక్షన్ల సంతకాల సంతకు వెళ్లింది. న్యాయ సెక్షను "జవాబు వచ్చును" అన్నదాన్ని "రావచ్చును" చేసింది. మరో సెక్షను మంత్రిగారి పేరు ముందు మరో రెండు విశేషణాలు అతికించింది. నంబరు జోలికి ఎవరూ పోలేదు. అంతదాకా ఎవరూ చదవలేదు.

ఏజెంట్లు చదివాయి. చదివిన ప్రతి ఏజెంటూ దర్శిని పనిచేస్తుందో లేదోనని ముందుగా పత్రంలోని నంబరునే అడిగి చూసింది. మంత్రిగారు పత్రాన్ని ఆవిష్కరించిన నాలుగు రోజుల్లో 40718 గురించి తొమ్మిది లక్షల సార్లు అడిగాయి.

ఆ లెక్క చూసి మంత్రిగారు చలించిపోయారు. ఒక్క గొయ్యి కోసం తొమ్మిది లక్షల గుండెలు కొట్టుకుంటున్నాయన్నారు. ఊరి జనాభా రెండు లక్షలేనని డైరెక్టరుగారు నసిగితే, పక్క ఊళ్లు కూడా కదిలాయన్నమాట అన్నారు. మాస్టారికి సంగతి అర్థమైంది. నోరు తెరిస్తే గొయ్యి గొయ్యిగానే ఉంటుంది. మూస్తే గొయ్యి మూస్తారు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మంత్రిగారు, డైరెక్టరుగారు, పదకొండు సెక్షన్ల అధిపతులు, కంకర లారీ, రోలరు వరసగా సందులోకి దిగాయి. లారీ వెనక్కొచ్చి గోతి అంచున ఆగింది. మాస్టారి భార్య కర్ర ఊతంతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తొమ్మిది లక్షల మందిని ఎలా కూడగట్టావమ్మా?" అన్నారు మంత్రిగారు చేతులు జోడించి.

"నేనెవర్నీ కూడగట్టలేదండీ. మావారు పత్రంలో ఉదాహరణకని నా నంబరు రాశారు. అంతే."

అందరి తలలూ మాస్టారి వైపు తిరిగాయి. తప్పక ఆయన అందరికీ విడమరిచి చెప్పారు. అడిగింది జనం కాదనీ, ఏజెంట్లనీ, అవి కూడా గొయ్యి మీద బెంగతో కాదు, పాఠం ఒప్పజెప్పడానికి అడిగాయనీ. డైరెక్టరుగారు పత్రం తెప్పించుకుని, తను సంతకం పెట్టిన కాగితాన్ని మొదటిసారి చదివారు.

"ఇది పూడిస్తే దర్శినిలో ఏమొస్తుంది?"

"పూర్తయింది అని వస్తుందండీ."

"పత్రంలో?"

"పరిశీలనలో ఉంది అనే ఉంటుందండీ."

"అంటే, మంత్రిగారు ఆవిష్కరించిన పత్రం తప్పవుతుంది."

లారీ ఇంజను కూడా ఆగింది.

"పత్రంలో ఆ ముక్క మార్చెయ్యండి, పోతుంది" అంది మాస్టారి భార్య. న్యాయ సెక్షను అధిపతి జాలిగా చూసి, ఆమోదం పొందిన పత్రం చదవడానికే గానీ మార్చడానికి కాదమ్మా అన్నాడు.

మంత్రిగారు గోతిలోకి తొంగిచూసి తీర్పు చెప్పారు. లారీ వెనుదిరిగింది. దాని వెనకే రోలరు. మధ్యాహ్నానికల్లా గొయ్యి చుట్టూ ఇనప కంచె లేచింది. బోర్డు మీద ఏం రాయాలని ఎవరో అడిగితే, ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ మాస్టారి నోటి నుంచి వాక్యం తన్నుకొచ్చేసింది: "ఇది ఉదాహరణ. దయచేసి పూడ్చరాదు."

సాయంత్రం సందులో జనం ఆగి ఆగి బోర్డు చదువుతున్నారు. కొందరు పైకే చదువుతున్నారు. మాస్టారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. భార్య వచ్చి పక్కన నిలబడింది.

"ఎవరు రాశారండీ అది?"

"నేనే."

"బాగుంది. అర్థం కాని ముక్క ఒక్కటీ లేదు." చేతిలో కూరల సంచీ సర్దుకుని, కంచెకూ గోడకూ మధ్య మిగిలిన జానెడు దారి వైపు చూసింది. "చెయ్యివ్వండి. దాటాలి."