దిక్కులేని మనిషి కావలెను

దేశానికి కలిమి వచ్చాక మిగిలే కష్టం ఒక్కటే: కష్టాల్లో ఉన్నవాళ్లు దొరక్కపోవడం.

ఈ సత్యాన్ని అనకాపల్లి బెల్లం వ్యాపారి భీమశంకరరావు 2007 వేసవిలో కనుక్కున్నాడు. దాని ఫలితంగానే ఆయన వదిన సూర్యకాంతమ్మ, డెబ్బై దాటిన మనిషి, ఒక పొద్దున్న వీధరుగు మీద కూర్చుని, కొట్టు తుడిచే అప్పలనర్సమ్మకి సంచి సర్దుతోంది. సంచి మరిది పెట్టిన సేవా సంఘం వారిది. దాని మీద 'అందరం ఒక్కటే' అని అచ్చువేసి ఉంది (జిప్పుకి ఉన్న రెండు వైపులూ మాత్రం ఒకదానితో ఒకటి కలవడం లేదు). రెండు చీరలు, ఒక దుప్పటి, గుడ్డలో చుట్టిన బెల్లం ముక్క పెట్టింది. అడుగున చుట్టల కట్ట దాచింది.

"అవి పైన పెట్టమ్మా, దారిలో కావాల," అంది నర్సమ్మ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తోంది.

"అక్కడ చుట్టలు కాల్చకూడదట."

"ఓలమ్మ! నిప్పు నా నోట్లోనే ఉంటాది కదా, ఆలదేటి కాలిపోద్ది?"

"ఎన్నాళ్లన్నారు?"

"మూడ్రోజులే. కలిసుండడం నేర్పుతారంట."

సూర్యకాంతమ్మ దుప్పటి తీసి మళ్లీ మడత పెట్టింది. మళ్లీ రానని చెప్పి వెళ్లేవాళ్లంటే ఆవిడకి అంత భయం లేదు. మూడు రోజుల్లో వచ్చేస్తామని వెళ్లేవాళ్లంటేనే భయం.

జరిగిన సంగతి ఇది. ఆ ఏడు హైవే పక్క పొలాలు ప్లాట్లయ్యాయి. ప్లాట్లు డబ్బయ్యాయి. డబ్బు, దాని అలవాటు ప్రకారం, సేవాభావం అయింది. భీమశంకరరావు అధ్యక్షుడిగా 'సర్వజన చేర్పు సేవా సంఘం' పుట్టింది. వెలిబడిన వారిని సమాజంలో కలుపుకోవడం దాని ఆశయం. వీధి వీధంతా సేవకులై పసుపుపచ్చ టోపీలు పెట్టుకున్నారు. వాళ్లకి పాఠాలు చెప్పడానికి విశాఖపట్నం నుంచి శాంతికుమార్ అనే సమన్వయకర్తని పిలిపించారు (స్వచ్ఛందంగా పనిచెయ్యడం ఎలాగో జీతం పుచ్చుకుని నేర్పే ఉద్యోగం అది). సేవ చేసేటప్పుడు నవ్వాలని, పళ్లు కనిపించేంత నవ్వకూడదని ఆయన నేర్పాడు. వీధి నేర్చుకుంది. ఇక సేవ మొదలు పెట్టాలి. తీరా చూస్తే వెలిబడినవాళ్లు లేరు. ఒకడికి సెల్‌ఫోను ఉంది. ఒకామెకి తమ్ముడున్నాడు. స్టేషన్ దగ్గర ఒక బిచ్చగాడు ఉన్నాడు కానీ అతను రైల్వే స్థలంలో కూర్చుంటాడు కనుక కేంద్రప్రభుత్వం కిందికి వస్తాడు.

చివరికి అప్పలనర్సమ్మ మీద చూపు పడింది. మొగుడు ఏ కాలంలోనో రాయపూర్ పనికని వెళ్లి కబురు లేకుండా పోయాడు. పిల్లల్లేరు. భీమశంకరరావు కొట్టు తుడుస్తుంది. వేలం అయ్యాక నేలమీద రాలిన బెల్లం ఏరుకుంటుంది. కొట్టు వెనక గదిలో పడుకుంటుంది. కాగితం మీద చూస్తే ఇంతకన్నా దిక్కులేని మనిషి ఉండదు. శాంతికుమార్ వారం రోజులు పరిశీలించి విచారంగా తల ఊపాడు.

"కష్టం సార్. ఈమె పూర్తిగా కలిసిపోయి ఉన్నారు."

నిజమే. పొద్దున్న ఆమెకి ఎవరో ఒకరింట్లో కాఫీ. మధ్యాహ్నం సూర్యకాంతమ్మ అరుగు మీద వారపత్రికలో సీరియల్ చదివి వినిపిస్తుంటే, కింద కూర్చుని అందులో అత్తగారిని నోరారా తిట్టడం. అన్నిటికీ మించి, వీధిలో ఎవరు ప్రయాణమైనా నర్సమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురు రావలసిందే. మొగుడు చచ్చిపోయాడని కబురు రాలేదు కనుక ఆమె ముత్తైదువ. ఆమె ఎదురొస్తే వెళ్లిన పని అవుతుందని వీధి నమ్మకం.

"కలిసిపోయినవాళ్లని కలుపుకోడానికి రూల్సు ఒప్పుకోవు," అన్నాడు శాంతికుమార్.

భీమశంకరరావు వ్యాపారి. సరుకు లేకపోతే తయారు చేయించగలడు. వెలిబడినవారి సర్వే పూర్తయ్యేదాకా నర్సమ్మకి ఎవరూ కాఫీ ఇవ్వరాదనీ, పలకరించరాదనీ సంఘం తీర్మానించింది. ఇన్నాళ్లూ వీధిలో నడిచినదానికి 'అసంఘటిత దయ' అని పేరు పెట్టి నిషేధించింది. వీధి ఆ నిషేధాన్ని గొప్ప క్రమశిక్షణతో పాటించింది (ఆ క్రమశిక్షణ చెత్త పారబోసే విషయంలో ఎన్నడూ కనిపించలేదు).

నర్సమ్మ ఒకనాడు సూర్యకాంతమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏటి షావుకారమ్మా, ఈదందరికీ ఏటొచ్చింది? నానేటి సేసేను? కిరాణా కొట్టోడి పిల్ల కూడా మొకం తిప్పీసింది."

"నీ మంచికేనట నర్సమ్మా. నాలుగు రోజులు ఓర్చుకో."

"మంచంటే ఇలాగుంటాదా? ఎవులూ మంచి సెయ్యనప్పుడే బాగుండేది. కాపీ అయినా పోసేవోరు."

ఆ మధ్యాహ్నం సూర్యకాంతమ్మ కిటికీ లోపల కూర్చుని, తనలో తాను చదువుకుంటున్నట్టు, సీరియల్‌ని వీధి చివరికి వినిపించేంత గట్టిగా చదివింది. కిటికీ కింద నర్సమ్మ చప్పుడు చెయ్యకుండా అత్తగారిని తిట్టుకుంది.

సర్వేలో నర్సమ్మ మొదటి శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. ఆమె కోసం పాయకరావుపేట దారిలో, సంఘం వారి ప్లాట్ల నడుమ, 'చేర్పు భవనం' సిద్ధంగా ఉంది. (ప్లాట్ల ప్రకటనలో 'సేవా వాతావరణం' అని ఒక సదుపాయం, మంచినీళ్లకీ కరెంటుకీ మధ్యన, అప్పటికే అచ్చయిపోయింది.)

సూర్యకాంతమ్మ ధైర్యం తెచ్చుకుని మరిది దగ్గరికి వెళ్లింది. "శంకరం, దాన్ని పంపకు నాయనా. ఇక్కడే ఉంటుంది. నేను చూసుకుంటాను."

"ఏటి వదినా ఇది! మీరు చూసుకుంటే ఇంటి పని అవుతాది. సేవ ఎలా అవుతాది?"

ఆవిడ వెనక్కి వచ్చి సంచి ముందేసుకుంది.

సంచి సర్దడం అయ్యేసరికి జీపు వచ్చింది. పసుపు టోపీలు బారులు తీరాయి. ఇకమీదట ఈ వీధిలో ఎవరినీ పక్కన పెట్టబోమని భీమశంకరరావు ప్రసంగించాడు. చప్పట్లు ఆగాక వదిన వైపు వంగి, గొంతు తగ్గించి అన్నాడు: "వదినా, బండి కదిలేదాకా కాస్త లోపలుండండి. మంచి పని మీద ఎల్తన్నాది."

విధవరాలైన నాటినుంచీ ఎవరి ప్రయాణమైనా ఆవిడ చెప్పించుకోకుండానే తలుపు వెనక్కి వెళ్లేది. ఆవేళ ఒక్కనాడే మరిచిపోయింది. గబగబా లోపలికి వెళ్లింది.

అప్పుడు వీధికి ఒక చిక్కు తోచింది. ఎవరి ప్రయాణానికైనా ఎదురొచ్చేది నర్సమ్మ. నర్సమ్మ ప్రయాణానికి ఎదురెవరు? సేవకుల విధుల్లో అది లేదు. సేవకురాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"షావుకారమ్మ రావాల," అంది నర్సమ్మ జీపులోంచి.

"తప్పు నర్సమ్మా, ఆవిడ ఎదురు రాకూడదు," అన్నాడు ఒక సేవకుడు.

"ఏం? ఆయమ్మ ఎదురొత్తే నాకు పోడానికేటుంది బాబూ? ఆయమ్మ రాకపోతే నానెల్లను. దిగిపోతాను."

సంఘం పిలిపించిన ఫొటోగ్రాఫరు గడియారం చూసుకున్నాడు. అక్కడికక్కడే సంఘం అత్యవసర సమావేశం జరిగింది. జీపు వీధి మలుపు తిరిగే వరకు సూర్యకాంతమ్మని ముత్తైదువగా పరిగణించడానికి ఏకగ్రీవంగా తీర్మానించారు.

సూర్యకాంతమ్మ చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. వీధి పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. ఆవిడకి ఎవరైనా అలా దారి ఇచ్చి ఎన్నేళ్లయిందో. చెంబులో నీళ్లు చీర మీద ఒలికాయి. 'వెళ్లకే' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఎదురొచ్చిన మనిషి వద్దనడం అపశకునం. వెళ్లేవాళ్లకి కీడు.

"వెళ్లిరా," అంది.

"వత్తానమ్మా. ఆ అత్త ముండ సచ్చిందో లేదో సదివి ఉంచు."

జీపు మలుపు తిరిగింది. తీర్మానం గడువు తీరింది.

నాలుగో రోజు, ఐదో రోజు కూడా చూసి, సూర్యకాంతమ్మ సంఘం ఆఫీసుకి వెళ్లింది. శాంతికుమార్ కుర్చీ వేశాడు.

"పాఠాలు అయిపోయాయి పిన్నిగారూ. కానీ వెనక్కి పంపితే ఆవిడ మళ్లీ మామూలుగా కలిసిపోతారు. మా లెక్క దెబ్బతింటుంది."

"పోనీ నేనే వెళ్లి చూసొస్తాను."

"మీరు ఆవిడకి ఏమవుతారు? చుట్టాలు, దాతలు, సేవకులు, విలేకరులు. వీళ్లకే అనుమతి."

"మధ్యాహ్నంపూట కథ చదివి వినిపిస్తాను."

అతను నిజంగానే ఆలోచించాడు, మంచివాడు. "అలాంటి తరగతి లేదు. సేవకురాలిగా చేరుదామంటే అరవై దాటకూడదు. వెలిబడినవారి కింద అయితే అక్కడే ఉండిపోవచ్చు. కానీ మీరు అధ్యక్షుల వారి సొంత వదినగారు. మిమ్మల్ని దిక్కులేనివారని రాస్తే ఎవరు నమ్ముతారు?"

ఆ వర్షాకాలంలో ప్లాట్లన్నీ అమ్ముడయ్యాయి. వార్డులో చేర్పు నూటికి నూరుపాళ్లు పూర్తయిందని సంఘం ప్రకటించి, భీమశంకరరావుకి శాలువా కప్పింది.

అప్పలనర్సమ్మ తిరిగి రాలేదు. 2007 నవంబరు పదమూడున, మంగళవారం మధ్యాహ్నం, చేర్పు భవనంలో చనిపోయింది. ఆ భవనంలో అప్పటికి ఉంటున్నది ఆమె ఒక్కతే.