కత్తెరావిడ కనిపించడం లేదు

"ఆ నీలిది ఇవాళ తీసేయాల్సిందే నాన్నా. ఇంకా దాన్ని వాడుతున్నామంటే నవ్వుతారు," అంది కూతురు.

"తీసెయ్యి, నేనూ అదే అంటున్నా. కాకపోతే ఉండాల్సింది నా పచ్చది. నీ ఎర్రది కాదు," అన్నాడు తండ్రి.

"నా నీలిదాని జోలికొచ్చారో, ఇద్దరి వీపులూ చిట్లుతాయి!" అని పక్కగదిలోంచి నానమ్మ గొంతు వినిపించింది.

వారం రోజులుగా ఇదే గొడవ. హాల్లో కంప్యూటరు ఒక్కటే. అందులో ఉచితంగా దొరికిన బ్రౌజర్లు మూడు. పేర్లు నోరు తిరగక, గుర్తు రంగును బట్టి పిలుస్తున్నారు. తండ్రి ఫ్యాక్టరీల్లో మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. తలుపుకి మూడు గడియలు పెట్టి, నాలుగోది ఎందుకు లేదా అని బెంగపెట్టుకునే మనిషి. భద్రతలో పచ్చదాన్ని మించింది లేదని ఆయన వాదన. కూతురికేమో ప్రకటన కనబడితే ఒళ్ళు మండుతుంది. ఎర్రదానికి ప్రకటనల్ని ఆపేసే గట్టి యాడ్ బ్లాకర్ తగిలించింది. అది చూసి తండ్రి పచ్చదానికి రెండు తగిలించాడు. ఏది మధ్యలో ఆగిపోకుండా నిలబడుతుందో తేల్చాలని నిన్నంతా రెంటిలోనూ పేజీ మీద పేజీ తెరిచి, కంప్యూటరు బుసలు కొట్టేదాకా వదల్లేదు. నీలిది పాతకాలంది. దానికి అడ్డూ ఆపూ లేదు. నానమ్మకు అదే ప్రాణం. "ప్రకటనలు తీసేస్తే ఇక చూడ్డానికేముంది, చావు కబుర్లు తప్ప!" అంటుందావిడ.

ఈ గోలంతా వింటూ ఇల్లాలు టీచరమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. ఆమె నిజంగా టీచరేమీ కాదు. ఇరవయ్యేళ్ళుగా బట్టలు కుడుతోంది. ఇంట్లోనే కుట్టు క్లాసు పెడతానని, ఉన్న మిషను పక్కన పాత మిషను మరొకటి కొని, ఊరి వార్తల సైటులో వారానికి ప్రకటన ఇచ్చినప్పటినుంచీ కూతురు అలా పిలుస్తోంది. వారం ఇవాళ్టితో ఆఖరు. ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేయలేదు. ఎవరూ రాకపోతే రెండో మిషను అమ్మేస్తానని తనే మాటిచ్చింది. కొనేవాడు మధ్యాహ్నం వస్తానని ఇన్‌స్పెక్టరుతో అన్నాడు. పైకి నవ్వుతోంది గానీ, సర్దిన గిన్నెల్నే మళ్ళీ సర్దుతోంది.

"ఏవండీ, మీ పోటీ అయ్యాక నా ప్రకటన ఎలా వచ్చిందో ఒకసారి చూపిస్తారా? అది పోయేముందు కళ్ళతో చూసుకుంటాను," అంది చెయ్యి తుడుచుకుంటూ.

ఇన్‌స్పెక్టరు పచ్చదానిలో సైటు తెరిచాడు. వార్తలున్నాయి. ప్రకటన లేదు. కూతురు ఎర్రదానిలో తెరిచింది. అందులోనూ లేదు.

"మోసం!" అని కుర్చీలోంచి లేచాడాయన. "అసలు వెయ్యనే లేదు! ఫోన్లు ఎలా వస్తాయి మరి?"

టీచరమ్మకు కోపం రావాల్సింది పోయి ఊరట కలిగింది. జనానికి తను అక్కర్లేక కాదన్నమాట.

ఇన్‌స్పెక్టరు ఫోన్ చేసి కేకలేసిన అరగంటకి, సైటులో ప్రకటనల వ్యవహారం చూసే ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "ఇదిగో సార్, నా ఫోన్లో బ్రహ్మాండంగా కనిపిస్తోంది," అని చూపించబోయాడు.

"మీ ఫోను పక్కన పెట్టండి! తనిఖీకి వెళితే ప్రతి ఫ్యాక్టరీవాడూ పనిచేసే సిలిండరే చూపిస్తాడు. నా కంప్యూటర్లో చూపించండి."

ప్రకటనలాయన చూశాడు. తెల్లబోయాడు. వెంటనే ఆఫీసుకి ఫోన్ చేశాడు. "ఆ కుట్టు క్లాసు ప్రకటన కాస్త పెద్దది చెయ్యండి... ఇంకా కనిపించట్లేదు... పేజీలో సగం చెయ్యండి."

పచ్చదానిలో సగం పేజీ తెల్లగా అయిపోయింది.

"చూశారా? ఉన్నది కూడా పోతోంది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బాబ్బాబు, నా ఉద్యోగం పోయేలా ఉంది, మొత్తం పేజీకి పెట్టెయ్యండి!" అని ప్రాధేయపడ్డాడాయన ఫోన్లో. ఈసారి తెరంతా పాలు పోసినట్టు తెల్లబడింది. ఎర్రదానిలోనూ అంతే. ఆ ఖాళీ తెరను ఫోటో తీసి, వీధివాళ్ళ గ్రూపులో 'వీళ్ళకి ప్రకటనలివ్వకండి' అని కూతురు పెట్టనే పెట్టింది. వచ్చినాయన తల పట్టుకుని కూలబడ్డాడు.

నానమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చింది. "లేవండర్రా, నా వార్తల వేళయింది." కొడుకుని పక్కకి నెట్టి, నీలిది తెరిచి, ఉలిక్కిపడింది. "ఒరేయ్, ఇవాళ వార్తలేవీ? అంతా మీ ఆవిడే!"

తెరనిండా టీచరమ్మ. మెడలో టేపు, చేతిలో కత్తెర.

"రోజూ ఆ మూలన ఇంతే ఉండేది కదా, ఇవాళ ఇంత లావయిందేంటి?" అంది నానమ్మ.

"రోజూ చూస్తున్నారా అత్తయ్యా? మరి చెప్పలేదేం?"

"నీ మొహం నీకు చెప్పేదేముందమ్మాయ్? కత్తెర పట్టుకున్న తీరు చూసి, ఎవర్నో పొడవబోతున్నావని మాత్రం అనుకున్నా."

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నాన్నా... ఇది కూడా ప్రకటనే కదా. మన బ్లాకర్లు..." అని కూతురు నీళ్ళు నమిలింది. ప్రకటనలాయన వాళ్ళకేసి చూసిన చూపుకి ఏ సిలిండరూ సరిపోదు.

ఆ సమయానికే మిషను కొనేవాడు గుమ్మంలోకొచ్చి, టీచరమ్మను చూసి ఆగిపోయాడు. "మీరేనా ఆ కత్తెరావిడ? మా ఆవిడ మూడు రోజులుగా మీకు ఫోన్ చేస్తోందండీ. ఎత్తరేం? ఆవిడ మీ దగ్గర నేర్చుకోడానికే నేనీ మిషను కొంటున్నది."

"నాకు ఒక్క ఫోనూ రాలేదండీ," అంది ఆమె అయోమయంగా.

ఇన్‌స్పెక్టరు ఉన్నట్టుండి గోడమీది గడియారాన్ని శ్రద్ధగా చూడటం మొదలెట్టాడు. ఆమె తన ఫోన్ ముందుకు చాచింది. ఆయన దాన్ని తీసుకుని, ఎక్కడో నొక్కి తిరిగిచ్చాడు. పోయిన నెల దొంగ ఫోన్లొస్తాయని, తెలియని నంబర్లన్నీ మోగకుండా ఆయనే చేసిపెట్టాడు. వేలితో నెట్టేకొద్దీ, ఎత్తని ఫోన్ల నంబర్లు వస్తూనే ఉన్నాయి.

సాయంత్రందాకా ఆమె వాళ్ళందరికీ ఫోన్లు చేస్తూనే ఉంది. కూతురు గ్రూపులో క్షమాపణ పెట్టింది. ప్రకటనలాయన కాఫీ రెండుసార్లు తాగి, తన చెల్లెల్ని క్లాసులో చేర్పించి మరీ వెళ్ళాడు.

రాత్రి భోజనాల దగ్గర టీచరమ్మ వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మెల్లగా చెప్పింది.

"రెండో మిషను అమ్మడం లేదు. సోమవారం నుంచి హాల్లో క్లాసు. కంప్యూటరు అత్తయ్య గదిలోకి పోతుంది. బ్యాంకు పనికి పచ్చది, చదువుకి ఎర్రది. నీలిదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకండి, నేను ఊళ్ళో ఉన్నానో లేదో చూసుకోవాలి."

నానమ్మ మరో ముద్ద పెట్టించుకుంది. ఇన్‌స్పెక్టరు కూతురివైపు చూశాడు, కూతురు కంచంవైపు చూసింది. ఆ మాటని అడ్డుకోగల బ్లాకర్ ఇద్దరి దగ్గరా లేదు.